‘తినలేను, ఉండలేను, వెళ్ళిపోతాను’: విజయనగరంలో ఒక బెంగాలీ కోడలి తెలుగు – కేస్ స్టడీ

తెలుగు మాతృభాష కాని పెద్దవాళ్ళకు తెలుగు నేర్పడం నా వృత్తి. విజయనగరంలో నా దగ్గరికి వచ్చేవాళ్ళలో బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగులు, రైల్వేవాళ్ళు, ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు ఎక్కువ. కౌంటర్ దగ్గరో వార్డులోనో పని జరిగేంత తెలుగు వస్తే వాళ్ళకు చాలు. ఒక మాట అటూ ఇటూ అయినా ఎదుటివాళ్ళు సర్దుకుపోతారు. పెళ్ళి చేసుకుని తెలుగింటికి వచ్చిన అమ్మాయిల సంగతి అలా ఉండదు. వాళ్ళ నోటి నుంచి వచ్చిన వ్యాకరణ దోషాన్ని ఇంట్లో ఎవరూ దోషంగా వినరు, మనసులోని మాటగా వింటారు. ఒక ప్రత్యయం తప్పినందుకు మనిషి స్వభావం మీదే తీర్పు వెలువడుతుంది. ఆ సంగతి చాలా స్పష్టంగా కనబడిన కేసు కనుక దీన్ని వివరంగా రాస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకున్నాను. వాళ్ళను ఎవరైనా గుర్తుపట్టగల వివరాలను వదిలేశాను.

నేపథ్యం

అమ్మాయి వయసు ఇరవై ఆరు. పుట్టి పెరిగింది పశ్చిమ బెంగాల్‌లోని మేదినీపూర్ వైపు, చదివింది బెంగాలీ మాధ్యమంలో. అబ్బాయిది విజయనగరం. ఉద్యోగం కోసం ఖరగ్‌పూర్‌లో కొన్నేళ్ళు ఉన్నాడు. ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ మనవాళ్ళు స్థిరపడి ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఆ ఊళ్ళో చుట్టాలు ఉన్న కుటుంబాలు ఎన్నో. వీళ్ళిద్దరి పరిచయం అక్కడే జరిగింది. 2025 ఫిబ్రవరిలో, మాఘమాసంలో, రెండు వైపుల పెద్దల సమక్షంలోనే పెళ్ళి జరిగింది. అబ్బాయి ఆ సరికే విజయనగరంలో పని చూసుకున్నాడు కనుక అమ్మాయి నేరుగా అత్తవారింటికి కాపురానికి వచ్చింది.

భార్యాభర్తలు తమలో తాము బెంగాలీలో మాట్లాడుకుంటారు. అత్తగారికి, మామగారికి తెలుగు తప్ప మరో భాష రాదు. పెళ్ళికి ముందు అమ్మాయి ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకుని అక్షరాలు, కొన్ని వందల మాటలు నేర్చుకుంది. తెలివైన పిల్ల, శ్రద్ధ ఎక్కువ. చాలా దోషాలకు మూలం ఆ శ్రద్ధేనని తరవాత తేలింది.

ఆషాఢంలో మొదటి చిక్కు వచ్చింది. కొత్తకోడలు ఆషాఢమాసంలో అత్తగారి గడప తొక్కకూడదన్న ఆచారం మన వైపు ఇంకా గట్టిగానే ఉంది. ఆ సంవత్సరం ఆషాఢం జూన్ 26న వచ్చింది. ‘ఆషాఢానికి పంపిస్తాం’ అన్న మాట అమ్మాయి చెవిన పడింది, పుట్టింటికని అనుకుని పెట్టె సర్దుకుంది. అంత దూరం పంపడం ఎందుకని ఇంటివాళ్ళు ఆమెను బొబ్బిలిలోని పినత్తగారింట్లో ఉంచారు. ఆచారం చెల్లింది, అమ్మాయికి మాత్రం ఇల్లు కళ్ళబడలేదు. అక్కడున్న నెలరోజులూ ఆమె దేనికీ ఎదురు చెప్పలేదని అందరూ మెచ్చుకున్నారు. ఎదురు చెప్పడానికి కావలసిన వాక్యం ఆమె దగ్గర లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

రెండో చిక్కు జులై చివర్లో వచ్చింది. రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మొదలవుతుంది. దుర్గాపూజకు టికెట్లు తీసుకోవలసిన వారం దాటిపోతోందని ఆమెకు ఆదుర్దా. భర్త ఇంట్లో లేని సమయంలో, సొంతంగా మాట్లాడాలన్న పట్టుదలతో, అత్తగారితో రెండు వాక్యాలు చెప్పింది: ‘‘అత్తమ్మా, పూజకి నేను ఇక్కడ ఉండలేను. మా ఇంటికి వెళ్ళిపోతాను.’’

ఆ సాయంత్రానికే మామగారికి, రాత్రికి బొబ్బిలికి, మర్నాటికి పెళ్ళికి మధ్యవర్తిగా ఉన్న పెద్దమనిషికి కబురు వెళ్ళింది. ‘కోడలు ఎల్లిపోతానంటంది.’ అబ్బాయి ఎంత సర్దిచెప్పినా పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నాడనే అన్నారు. ఆగస్టు మొదట్లో అతను ఆమెను వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చి, ‘‘మాస్టారూ, ఈమెకు గ్రామర్ నేర్పండి’’ అన్నాడు.

తొలి అంచనా

నేను ఖరగ్‌పూర్‌లో ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకున్నాను కనుక ఈ కేసులో నాకొక సౌకర్యం ఉంది. ఆమె అన్న తెలుగు వాక్యం ఏమిటో, ఆ సమయంలో ఆమె మనసులో ఉన్న బెంగాలీ వాక్యం ఏమిటో పక్కపక్కన పెట్టి చూడగలిగాను. ఒక నోటుబుక్కు పెట్టించాను. ప్రతి పేజీలో ఎవరితో మాట్లాడిందీ, తెలుగులో ఏమన్నదీ, బెంగాలీలో ఏమనుకున్నదీ, విన్నవాళ్ళు తరవాత ఏం చేసిందీ రాయాలి. పాఠ్యపుస్తకం తెరవలేదు. విద్యార్థి నోట ఇప్పటికే ఆడుతున్న వాక్యాలను వదిలిపెట్టి మొదటి పాఠం నుంచి మొదలుపెట్టడం పెద్దవాళ్ళ విషయంలో కాలహరణమని నా నమ్మకం.

ఆ రెండు వాక్యాల వెనుక ఉన్న బెంగాలీ ఇది: ‘పూజోయ్ ఎఖానే థాక్‌బో నా, బాడీ జాబో.’ పూజ రోజుల్లో ఇక్కడ ఉండను, ఇంటికి వెళ్తాను అని. బెంగాలీలో ‘బాడీ జాబో’ భవిష్యత్కాలమే అయినా, అమ్మ ఒళ్ళో ఉన్న పసివాడు మారాం చేసినప్పుడు కూడా అదే మాట అంటాడు. అక్కడ అది నిర్ణయం కాదు, కోరిక. తెలుగులో ‘వెళ్తాను’ అంటే చాలావరకు నిర్ణయమే వినబడుతుంది. దానికి ‘పోవు’ తోడై ‘వెళ్ళిపోతాను’ అయితే తిరిగి రావడమన్నది ఇక లెక్కలో ఉండదు. ఆ ‘పోవు’ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, బస్సు వెళ్ళిపోయింది, కరెంటు పోయింది, పాలు అయిపోయాయి అని రోజూ వింటూ ఉంటే అదే మామూలు రూపమనుకున్నానని చెప్పింది. వినేవాళ్ళకు మామూలుగానే ఉంటుంది కూడా. బస్సు గురించి అన్నప్పుడు అందులో తప్పేమీ లేదు, కొత్తకోడలు తన గురించి అన్నప్పుడే గుండె గుభేలుమంటుంది.

‘ఉండలేను’ ఇంతకంటే లోతైన దోషం. నా అనుభవంలో తెలుగు నేర్చుకునేవాళ్ళలో బద్ధకస్తులు ఈ తప్పు చేయరు, శ్రద్ధగలవాళ్ళే చేస్తారు. తెలుగు క్రియ కర్తను అనుసరిస్తుందని ఆమె గట్టిగా నేర్చుకుంది: నేను వెళ్తాను, నువ్వు వెళ్తావు, ఆయన వెళ్తాడు. అయితే భూతకాలంలో వ్యతిరేకార్థం చెప్పేటప్పుడు మన క్రియ కర్తను అనుసరించదు. నేను తినలేదు, నువ్వు తినలేదు, వాళ్ళు తినలేదు. అందరికీ ఒకటే రూపం. ఇంట్లోవాళ్ళు ‘నేను తినలేదు’ అంటుంటే అది తొందరలో అన్న మాట అయి ఉంటుందని అనుకుని, ‘నేను’ ఉన్నప్పుడు ‘ను’తో ముగియాలి కదా అని ఆమె తన వాక్యాన్ని ‘తినలేను’గా దిద్దుకుంది. తినలేదంటే జరగని పని. తినలేనంటే చేతకాని పని. తిననంటే ఇష్టం లేని పని. ఈ మూడింటిలో మొదటిది చెప్పవలసిన ప్రతిచోటా ఆమె రెండోది చెబుతూ వచ్చింది. అదే నోటికి అలవాటై, ‘ఉండను’ అనవలసిన చోటా ‘ఉండలేను’ అంది.

నోటుబుక్కు మొదటి పేజీల్లోనే అది బయటపడింది. అత్తగారు ‘‘అన్నం తిన్నావా?’’ అని అడిగితే ‘‘తినలేను’’ అని జవాబు. ‘విన్నవాళ్ళు ఏం చేశారు’ అన్న చోట ఆమె బెంగాలీలో రాసుకున్న మాట: ‘అత్తమ్మ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయారు. ఎందుకో తెలియదు.’

మూడో దోషం మేము, మనము. బెంగాలీలో ‘ఆమ్‌రా’ అన్న ఒక్క మాటే రెండింటికీ సరిపోతుంది, ‘ఆమాదేర్ బాడీ’ అంటే మా ఇల్లూ అవుతుంది, మన ఇల్లూ అవుతుంది. ఆమెకు యాప్ నేర్పింది ‘మా’ ఒక్కటే. అత్తగారితో మేదినీపూర్ ఇంటి గురించి చెబుతూ ‘మా ఇల్లు’ అంటుంది, అది సరే. విజయనగరం ఇంటి గురించి అదే అత్తగారితో ‘మా ఇంట్లో పంచదార అయిపోయింది’ అంటుంది. వింటున్న మనిషిని వాక్యమే గడప బయట నిలబెడుతుంది. నేను, నా మొగుడు ఒకటి, నువ్వు వేరు అని కోడలు గీత గీసినట్టు అత్తగారికి వినబడుతుంది. ఆమె ఉద్దేశం సరిగ్గా దానికి వ్యతిరేకం. ఆ ఇంటిని తనదని చెప్పుకోవాలనే ఆ మాట వాడింది.

మిగతా దోషాలు ఇంతగా బాధించేవి కావు. నీళ్ళు తాగడాన్ని బెంగాలీలో ‘ఖావా’ అనే అంటారు కనుక ‘నీళ్ళు తిన్నాను’ అనేది, ఇంట్లో నవ్వుకునేవారు, రెండు పాఠాల్లో పోయింది. మామగారిని ‘మావయ్య వచ్చింది’ అన్నప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు.

ఆమె నన్ను అడిగిన ప్రశ్న

దోషాలన్నీ ఆమెవైపే ఉన్నాయనుకోవడం సరికాదు. ఆమె కూడా ఇంటివాళ్ళ తెలుగును అపార్థం చేసుకుంటూ వచ్చింది. కాస్త చనువు ఏర్పడ్డాక తల వంచుకుని నన్ను అడిగింది: ‘‘మాస్టారూ, మా అత్తమ్మ పక్కింటావిడతో నా గురించి ‘అది ఇంకా లేవలేదు’ అన్నారు. అది అంటే వస్తువు కదా. నేను వాళ్ళకు వస్తువునా?’’

బెంగాలీలో సర్వనామానికి, క్రియకు లింగభేదం లేదు. ఆడైనా మగైనా ‘షే’, గౌరవిస్తే ‘తిని’. మనిషికి, వస్తువుకు మాత్రం తేడా ఉంది. తెలుగు ఆ గీతను మరోచోట గీసింది. ఏకవచనంలో పురుషుడు ఒక వర్గం, స్త్రీ, పశుపక్ష్యాదులు, వస్తువులు అన్నీ కలిసి మరో వర్గం. వ్యాకరణవేత్తలు వీటికి మహత్తు, అమహత్తు అని పేర్లు పెట్టారు. అతను వచ్చాడు, ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనానికి వచ్చేసరికి స్త్రీలు మనుషుల వర్గంలోకి వచ్చేస్తారు: వాళ్ళు వచ్చారు, ఆవులు వచ్చాయి. మన పొరుగున తమిళంలోనూ కన్నడంలోనూ ఏకవచనంలోనే స్త్రీకి వేరే క్రియారూపం ఉంది, మనకు లేదు. దీనిలో న్యాయం ఎంత అన్న చర్చ వేరే చేయవచ్చు, నాకూ అభిప్రాయాలున్నాయి. ఇక్కడ మాత్రం ఆమెకు తెలియవలసింది ఏమిటంటే, ‘లేవలేదు’ అన్న క్రియలో అవమానం లేదు. ‘అది’ అన్న సర్వనామాన్ని మన ఇళ్ళల్లో కన్నకూతురికీ వాడతారు, కోపం వచ్చినప్పుడూ వాడతారు, ఏది ఏ సందర్భమో గొంతునుబట్టి తెలియాలి. అత్తగారు తన సొంత కూతురిని ఏమంటారో గమనించి రమ్మన్నాను. మరుసటి పాఠానికి నోటుబుక్కులో రాసుకొచ్చింది: ‘వదిన ఫోన్ చేసింది. అత్తమ్మ మావయ్యతో: అది రేపొస్తాదట.’ ఆ వాక్యం కింద రెండు గీతలు గీసుకుంది. ఆ రోజు ఆమె మొహం తేటగా ఉంది.

అత్తగారితో

వినాయక చవితి వెళ్ళాక వాళ్ళింటికి వెళ్ళాను. విద్యార్థి ఒక్కరికే పాఠం చెబితే ఇలాంటి కేసులు కుదుటపడవు, వినేవాళ్ళ చెవికీ కొంత పాఠం కావాలి. అయితే అబ్బాయి కోరినట్టు ‘మా అమ్మకు మీరే నచ్చజెప్పండి’ అన్న పని నేను ఒప్పుకోలేదు. ఆమె చెప్పుకోవలసిన మాట ఆమె నోటి నుంచే రావాలి. ఇన్ని నెలలూ భర్త మధ్యలో దుబాసీగా నిలబడి, ‘దాని ఉద్దేశం అది కాదమ్మా’ అని సర్దుతూ వచ్చాడు. ప్రతిసారీ తల్లికి కొడుకు గొంతే వినబడింది, కోడలి గొంతు వినబడలేదు. ఇకమీదట ఆమె మాటను తర్జుమా చేయవద్దనీ, తన అభిప్రాయం ఏదైనా ఉంటే తన మాటగానే చెప్పమనీ అతనికి నేను పెట్టిన షరతు. భార్య పుట్టింటికి వెళ్ళడం తనకూ ఇష్టమేనన్న ఒక్క వాక్యం అతను ఆ ఇంట్లో అప్పటిదాకా అననే లేదు.

అత్తగారు వంటింటి గుమ్మంలో గోంగూర గిల్లుతూ కూర్చున్నారు. మాట్లాడటానికి ఇష్టపడే మనిషి, కడుపులో ఏదీ దాచుకోరు. ‘‘మేవేటి సేసినామండి మాస్టారూ? నా వంట తినలేనంటది. నా ఇంట ఉండలేనంటది. ఎల్లిపోతానంటది. మా మరిది పెళ్ళాం అలాగే అనేసి ఎల్లి మరి రాలేదండి’’ అన్నారు. ఆ చివరి వాక్యం నాకు చాలా విషయాలు చెప్పింది. పరాయి రాష్ట్రపు పిల్ల నిలవదని చుట్టాలు పెళ్ళినాడే అన్నారట. ఆ భయం ఇంట్లో ముందే ఉంది, దానికి సరిపోయే మాట కోడలి నోట వచ్చింది.

నేను వ్యాకరణం మాట ఎత్తకుండా, ‘తినలేను’ అని ఆమె ఎప్పుడెప్పుడు అంటుందో గుర్తుచేసుకుని చెప్పమన్నాను. మధ్యాహ్నం అన్నం తిన్నావా అని అడిగితే అంటుందన్నారు. వంట బాగాలేదని ఎప్పుడైనా కంచంలో వదిలేసిందా అంటే, లేదు, మెతుకు వదలదన్నారు. అప్పుడు చెప్పాను, ఆమె ‘తినలేదు’ అనబోయి అలా అంటోందని, ‘నేను’ అన్న మాటకు ‘ను’ అని రావాలనుకుని దిద్దుకుందని.

ఆవిడ చేతిలోని గోంగూర కాడ చేతిలోనే ఉండిపోయింది. ‘‘అయితే ఇన్నాళ్ళూ తినలేదని సెప్పిందా అది? వద్దంటందనుకుని నాను గిన్నెలు కడిగీసినానండి.’’

ఆ మధ్యాహ్నం ఇక నేనేమీ బోధించలేదు, అవసరం రాలేదు.

ఏం నేర్పాను

కోరికను చెప్పే వాక్యం మీద ఎక్కువ కాలం వెచ్చించాను. యాప్ ఆమెకు ‘నేను వెళ్ళదలచుకున్నాను’ అని నేర్పింది. వ్యాకరణరీత్యా నిర్దుష్టం, విజయనగరంలో ఏ ఇంట్లోనూ ఏ కోడలూ అనని మాట. గ్రాంథికం వద్దు, జనం నోట ఉన్న తెలుగే రాయాలి, నేర్పాలి అని పోరాడిన గిడుగు రామమూర్తి (1863–1940) ఈ నేలవాడే. పర్లాకిమిడిలో ఉంటూ సవర గిరిజనుల నోట విని వాళ్ళ భాషకు వ్యాకరణం రాసినవాడు. పుస్తకం నుంచి కాకుండా నోటి నుంచి వ్యాకరణం తీయాలన్నది ఆయన బతుకంతా చేసి చూపిన పని. నా వంటివాళ్ళు పెద్దవాళ్ళకు భాష నేర్పేటప్పుడు ఆ దారి తప్పకూడదు.

ఇళ్ళల్లో కోరికను తెలుగువాళ్ళు ‘నేను’తో మొదలుపెట్టరు. ‘నాకు ఇంటికి వెళ్ళాలని ఉంది’ అంటారు. నాకు ఆకలేస్తోంది, నాకు నిద్రొస్తోంది, నాకు అమ్మ గుర్తొస్తోంది అన్నట్టే ఇదీ. అందులో పని చేసే ‘నేను’ లేదు. కోరిక తనంతట తాను వచ్చి నన్ను పట్టుకుంది. దానికి ఎదురు చెప్పవలసిన అవసరం వినేవాళ్ళకు కలగదు, ఎందుకంటే అక్కడ నిర్ణయం ఏదీ ఇంకా జరగలేదు. బెంగాలీలో ఇలాంటి వాక్యం ఉంది: ‘ఆమార్ బాడీ జేతే ఇచ్ఛే కోర్ఛే.’ తన భాషలోనే ఉన్న ఆ మలుపును ఆమె తెలుగులో వెతకలేదు, అంతే. చూపించగానే పట్టుకుంది. ‘ఇంటి మీద బెంగగా ఉంది’ అన్నది కూడా అప్పుడే నేర్పాను. పుట్టింటి మీదికి గాలి మళ్ళిందని ఊళ్ళోవాళ్ళు అంటే అది నింద కాదనీ, పెళ్ళయిన ప్రతి ఆడపిల్ల గురించీ ఆ మాట అంటారనీ చెప్పాను.

తరవాత ‘పోవు’. దాన్ని వాడవద్దని చెప్పడం తేలిక, కానీ అలా చెబితే పనికొచ్చే ఒక పనిముట్టును లాగేసుకున్నట్టవుతుంది. క్రియ పూర్తి కావడాన్ని నొక్కి చెప్పేది అదొక్కటే కాదు, ‘వేయు’ కూడా ఉంది. వెళ్ళిపోతాను అంటే వెళ్ళడం పూర్తి. వచ్చేస్తాను అంటే రావడం పూర్తి. ఆ బలాన్ని వెళ్ళడం మీద కాకుండా రావడం మీద పెట్టమన్నాను. వెళ్ళడానికి ‘వెళ్ళొస్తాను’ చాలు. ఇక్కడ నాకు శ్రమే కలగలేదు. బెంగాలీలో గడప దాటేవాళ్ళు ‘జాయి’ అనరు, ‘ఆశి’ అంటారు, వస్తానని. ‘‘మా అమ్మ కూడా వెళ్తాను అనవద్దంటుంది’’ అని ఆమే చెప్పింది.

మా, మన విషయంలో ఒకే ప్రశ్న వేసుకోమన్నాను: నా మాట వింటున్న మనిషి ఇందులో ఉన్నారా లేరా? అత్తగారు వింటుంటే విజయనగరం ఇల్లు మన ఇల్లు. పక్కింటావిడ వింటుంటే అదే ఇల్లు మా ఇల్లు. మేదినీపూర్ ఇల్లు అత్తగారి దగ్గర ‘మా అమ్మావాళ్ళిల్లు’. నియమం చిన్నదే, నోటికి అలవాటు కావడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. మొదట్లో ప్రతి ‘మా’ దగ్గరా ఆగి, ఎదుటి మనిషి మొహం చూసి, అప్పుడు మాట పూర్తి చేసేది.

పూజ, సిరిమాను

వాక్యం సరిపడినంత మాత్రాన అనుమతి వస్తుందని నేనెప్పుడూ అనుకోను. దసరాకు కోడలు ఇంట్లో ఉండాలన్నది అత్తగారి పట్టు, దానికి కారణం ఉంది. విజయదశమి వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, పొడవైన మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే జాతర. కొత్తకోడలు వచ్చిన మొదటి ఏడు సిరిమానుకు ఇంట లేకపోతే చుట్టాలు ఏమంటారోనన్న బాధ ఆవిడది. అమ్మాయికి పూజ కూడా అంతటిదే. బెంగాల్‌లో దుర్గ ఆ నాలుగు రోజులూ పిల్లలను వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చిన కూతురు, ఉమ. దశమినాడు సాగనంపేటప్పుడు ముత్తయిదువలు బొట్టు పెట్టి, నోటికి మిఠాయి అందించి పంపుతారు. దేవత పుట్టింటికి వస్తున్న రోజుల్లో తాను మాత్రం పుట్టింట లేకపోవడం ఆమెకు కొరతగా ఉంది.

ఈ సంగతిని తెలుగులో అత్తగారికి చెప్పడమే పాఠంగా పెట్టుకున్నాం. రాసుకుంది, దిద్దాను, మళ్ళీ చెప్పించాను. సెప్టెంబరు మధ్యలో ఒకనాడు ఇంట్లో చెప్పింది. తరవాత నోటుబుక్కులో రాసుకొచ్చిన మాటలు ఇవి: ‘‘అత్తమ్మా, నాకు పూజకి మా అమ్మావాళ్ళింటికి వెళ్ళాలని ఉంది. వెళ్ళి, మన సిరిమాను నాటికి వచ్చేస్తాను. వెళ్ళి రానా?’’ ఎందుకని అత్తగారు అడిగితే ఉమ పుట్టింటికి రావడం గురించి చెప్పింది. అత్తగారి జవాబు: ‘‘అయితే మీ అమ్మోరూ ఆడపడుచేనన్నమాట. మా పైడితల్లీ అంతే.’’ విజయనగరం రాజుల ఆడపడుచుగానే పైడితల్లిని ఈ ఊరు కొలుస్తుంది. సిరిమాను ఆ కోట దాకా మూడుసార్లు వెళ్ళి వస్తుంది. ఆడపడుచు పుట్టింటికి రావడంలోని సంబరం ఏమిటో ఆవిడకు ఎవరూ వివరించనక్కరలేదు.

ఆ మూడు వాక్యాలను తోటి ఉపాధ్యాయులు కాస్త ఆగి చూడాలని కోరుతున్నాను. ‘నాకు వెళ్ళాలని ఉంది’లో కోరిక ఉంది, నిర్ణయం లేదు. ‘మా అమ్మావాళ్ళిల్లు’, ‘మన సిరిమాను’ అన్నచోట ఏది తన ఒక్కదానిదో, ఏది అత్తగారితో కలిసి తమదో తేడా తెలిసింది. ‘వచ్చేస్తాను’లో పూర్తి అయ్యేది రావడం. ‘రానా’ అన్నది అడగడం. కాదనే వీలు ఎదుటివాళ్ళకు ఇచ్చి అడగడం.

ఆ ఏడు విజయదశమి అక్టోబరు 2, గురువారం. సిరిమాను 7, మంగళవారం. మధ్యలో వ్యవధి ఉంది. అప్పటికి మామూలు టికెట్లు అయిపోయాయి, తత్కాల్‌లో దొరికాయి. షష్ఠికి ముందే భార్యాభర్తలిద్దరూ బయల్దేరారు, సిరిమానుకు ముందురోజు జరిగే తొలేళ్ళ ఉత్సవానికి ముందే తిరిగి వచ్చారు. స్టేషన్‌కు అత్తగారు రాలేదు, మామగారు వచ్చారు. దారిలో తినమని చేగోడీల పొట్లం కోడలి చేతికిచ్చి, ఆమెతో ఏమీ మాట్లాడకుండా కొడుకుకే జాగ్రత్తలు చెప్పారు.

ఇప్పటి పరిస్థితి

మామగారి ఎడం అలాగే ఉంది. అది వ్యాకరణం వల్ల వచ్చింది కాదు, వ్యాకరణంతో పోయేదీ కాదు. కొడుకు పెళ్ళి తన ప్రమేయం లేకుండా కుదిరిందన్న కష్టం ఆయనది. ఆ విషయం తండ్రీకొడుకులు కూర్చుని మాట్లాడుకోవలసిందేనని అబ్బాయికి చెప్పాను. అమ్మాయి తెలుగులో ‘వచ్చింది’, ‘వచ్చారు’ ఇంకా అప్పుడప్పుడు తారుమారవుతాయి. తొందరలో ఉన్నప్పుడు ‘తినలేను’ మళ్ళీ తొంగిచూస్తుంది. అయితే ఇప్పుడు అత్తగారే ‘‘లేనా, లేదా?’’ అని అడిగి కంచం పెడతారు. ఏటా ఎన్నిసార్లు, ఎన్ని రోజులు పుట్టింటికి వెళ్ళవచ్చన్నది తేలలేదు. ఈసారి జరిగిందాన్ని అమ్మాయి ఒక ఆనవాయితీగా తీసుకుంటోంది, అత్తగారు మొదటి ఏడు కనుక పోనీ అన్నట్టుగా మాట్లాడుతున్నారు. ఈ తేడా వచ్చే దసరాకు బయటపడుతుంది. ఇద్దరికీ ముందే చెప్పి ఉంచాను.

సంక్రాంతికి అమ్మాయి తల్లిదండ్రులు విజయనగరం వస్తామంటున్నారు. వియ్యపురాళ్ళిద్దరికీ మధ్య దుబాసీ ఆ అమ్మాయే. అందుకని ప్రస్తుతం పాఠం ‘అని’ మీద నడుస్తోంది. ఒకరి మాటను మరొకరికి చేరవేసేటప్పుడు బెంగాలీ ‘జే’ అని మొదలుపెట్టి, మాట అన్న మనిషిని ప్రథమపురుషలోకి మార్చి, ‘మా బోల్లో జే ఆశ్‌బే’ అంటుంది. తెలుగు ఉత్తమపురుష క్రియను ఉన్నదున్నట్టు ఉంచి ‘అమ్మ వస్తానంది’ అంటుంది. ‘అమ్మ వస్తుందంది’ అంటే వచ్చేది వేరే ఎవరో అవుతారు. జులైలో ‘ఎల్లిపోతానంటంది’ అన్న మాట ఒక్క అక్షరం మారకుండా బొబ్బిలి దాకా వెళ్ళడానికి కారణం కూడా ఈ నిర్మాణమే. మాట అన్నవాళ్ళ నోటి రూపంలోనే ఊరు దాటుతుంది. రెండు వైపుల నుంచి వచ్చే వాక్యాలను ఊహించి రాసుకుని, అటూ ఇటూ మార్చి చెప్పడం ఆమె ఇప్పుడు చేస్తున్న అభ్యాసం. ఇంకా తడబడుతోంది. పండగకు వ్యవధి ఉంది.